కొత్త డిస్కు ఎందుకు కనబడదు?

"బిగిస్తిమి, కరెంటు ఇస్తిమి, సిస్టం కూడా ఆన్ అయితాంది. కొత్త డిస్కు మాత్రం యాడా కనపడల్యా అన్నా."

కంప్యూటర్లు బాగుచేసే అంగడిలో కాసేపు కూర్చుంటే ఈ మాట వినబడకుండా ఉండదు. నందికొట్కూరు లాంటి ఊళ్లో ఫోటో స్టూడియో, జిరాక్సు అంగడి, మీసేవ కేంద్రం ఇప్పటికీ డెస్క్‌టాప్ కంప్యూటర్ల మీదే నడుస్తున్నాయి. చోటు చాలకపోతే కర్నూలు నుంచి ఒక హార్డ్ డిస్కు తెచ్చుకుని, మూత విప్పి, ఎవరికి వారే బిగించుకుంటారు. అంతా సరిగ్గానే చేసినట్టుంటుంది. తెర మీద మాత్రం పాత సి, డి డ్రైవులే ఉంటాయి. కొత్తది చచ్చిన డిస్కేమో, అమ్మినవాడు మోసం చేశాడేమో అని గుండె గుభేల్మంటుంది.

చోటు ఎందుకు చాలదో స్టూడియోవాళ్లకు బాగా తెలుసు. సెకనుకు వంద మెగాబిట్ల లెక్కన వీడియో తీసే 4కె కెమెరా గంటకు 45 గిగాబైట్లు నింపుతుంది. పెళ్లికూతురును చేయడం మొదలు అప్పగింతల దాకా రెండు కెమెరాలూ కలిసి ఆరు గంటల వీడియో తీశాయనుకుంటే 270 గిగాబైట్లు. ఫోటోలు వేరే. ఒక టెరాబైటు డిస్కు మూడు పెళ్లిళ్లకు నిండిపోతుంది. ఎస్ఎస్‌డీలు వచ్చాక హార్డ్ డిస్కుల పని అయిపోయిందనేవాళ్లున్నారు. విండోస్ వేసుకోవడానికి ఎస్ఎస్‌డీయే మేలు, అందులో సందేహం లేదు. ఏళ్ల తరబడి దాచుకోవలసిన సరుకుకు మాత్రం అదే డబ్బుతో ఎక్కువ చోటు ఇచ్చేది ఇప్పటికీ హార్డ్ డిస్కే.

కనబడకపోవడానికి జవాబు ఒక్క ముక్కలో చెప్పవచ్చు. కంప్యూటర్ ఆ డిస్కును చూసింది. మీకు చూపించదగింది అందులో ఇంకా ఏమీ లేదు. ఈ ముక్క సరిగా అర్థం కావాలంటే డబ్బా మూత దగ్గర నుంచి మొదలుపెట్టాలి. డిస్కు బిగించడమంటే ఇనుముకు, కరెంటుకు, సంకేతాలకు, చివరికి లెక్కల పుస్తకానికి దాన్ని జతపరచడం. మొదటి మూడు జతలూ స్క్రూడ్రైవరుతో అయిపోతాయి, నాలుగోది కాదు.

మూత తీసే ముందు

స్విచ్ కట్టేయడం చాలదు, ప్లగ్ పీకేయాలి. పీకాక కంప్యూటర్ పవర్ బటన్ నొక్కి నాలుగైదు సెకన్లు పట్టుకోండి. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ పెట్టె కెపాసిటర్లలో నిలవ ఉన్న కరెంటు చాలావరకు మదర్ బోర్డు మీదుగా ఖర్చయిపోతుంది.

సీపీయూ డబ్బా వెనక ఇనుముకు చెయ్యి తగిలితే జిల్లుమనడం చాలా ఇళ్లలో మామూలు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన సీమలో ఇది ఎండతో ముడిపడిన విషయం. ఎస్ఎంపీఎస్‌లో ఫేజు తీగ నుంచి ఒక చిన్న కెపాసిటరు, న్యూట్రల్ తీగ నుంచి ఇంకొకటి డబ్బా ఇనుముకు కలిపి ఉంటాయి. కరెంటులోని రొదను వడగట్టడం వాటి పని. వాటిగుండా కారే కాస్త కరెంటు ఎర్తు తీగ పట్టుకుని నేలలోకి దిగిపోవాలి. ఎర్తు సరిగా లేకపోతే అది పోయే దారి ఉండదు. డబ్బా ఆ రెండు కెపాసిటర్లకూ నడుమన చిక్కుకుని, 230 వోల్టుల్లో సగం, అంటే దాదాపు 115 వోల్టులు, దాని మీద నిలుస్తాయి. వోల్టేజి అంత ఉన్నా పారే కరెంటు ఒక మిల్లీ ఆంపియరు లోపే గనక జిల్లుమని ఊరుకుంటుంది. అంతకు మించి గట్టిగా కొడితే అది వేరే లోపం, ఎలక్ట్రీషియన్ను పిలవాల్సిందే.

ఎర్తు గుంతలో ఉప్పు, బొగ్గు పొరలు పొరలుగా వేసి నీళ్లు పోయడం మీరు చూసే ఉంటారు. ఆ నీళ్లలో ఉప్పు కరిగి విద్యుదావేశం ఉన్న కణాలుగా విడిపోతుంది. నేలలో కరెంటును మోసేవి అవే. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, నంద్యాల వైపు ఎండ 43, 44 డిగ్రీలకు చేరే రోజుల్లో గుంత ఎండిపోతుంది. ఉప్పు ఉన్నా కరగడానికి తడి ఉండదు, ఆ కణాలు కదలలేవు. చలికాలంలో ఊరికే ఉన్న డబ్బా ఎండాకాలంలో జిల్లుమనడానికి కారణం చాలాసార్లు ఇదే. గుంతలో రెండు బిందెల నీళ్లు పోసి చూడండి, తేడా తెలుస్తుంది.

ఇంకొక కరెంటు మన ఒంట్లోనే ఉంటుంది. గాలిలో తేమ తగ్గిన రోజుల్లో పాలిస్టర్ చొక్కా కుర్చీకి రాసుకున్నా ఒంటి మీద వేల వోల్టుల స్థిర విద్యుత్తు పేరుకుంటుంది. తేమ ఉన్న గాలిలో అది ఎప్పటికప్పుడు జారిపోతుంది, పొడిగాలిలో పోదు. అది చురుక్కుమని మనకు తెలియాలంటే దాదాపు 3 వేల వోల్టులు ఉండాలి. డిస్కు అడుగున ఉన్న బోర్డు మీది చిప్పులు పాడవడానికి అందులో పదో వంతు చాలు. మీకు ఏమీ తెలియకుండానే చిప్పు పోవచ్చన్న మాట. అందుకే డిస్కును దాని వెండిరంగు సంచిలోంచి తీయబోయే ముందు డబ్బా లోపల రంగు వేయని ఇనుమును ఒకసారి చేత్తో పట్టుకోవాలి. డిస్కును పక్కల అంచులతోనే పట్టుకోండి, బోర్డు మీద వేళ్లు పెట్టవద్దు.

లోపల దుమ్ము మందంగా ఉంటే ముందు దాన్ని బయట వాకిట్లో దులపండి. బ్లోయరు కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. గాలికి అది మితిమీరిన వేగంతో తిరిగితే బేరింగు దెబ్బతింటుంది.

ఆ ఇనుప పెట్టెలో

చేతిలోకి తీసుకుంటే బరువుగా, చల్లగా ఉంటుంది. పై మూత మీద కాగితం, ఆ కాగితం మీద ఒక చిన్న రంధ్రం, పక్కనే దాన్ని మూయవద్దని ఇంగ్లీషులో హెచ్చరిక. ఈ రంధ్రం ఎందుకో తెలుసుకుంటే డిస్కు సగం అర్థమైనట్టే.

లోపల అల్యూమినియంతోనో గాజుతోనో చేసిన గుండ్రటి పళ్లేలు ఉంటాయి. వాటి మీద కోబాల్టు కలిసిన అతి పలచని అయస్కాంతపు పూత. పళ్లేలు నిమిషానికి 7,200 సార్లు, అంటే సెకనుకు 120 సార్లు తిరుగుతాయి. అంచు దగ్గర వేగం గంటకు 130 కిలోమీటర్ల దగ్గరగా ఉంటుంది. నందికొట్కూరు నుంచి కర్నూలు పోయే ఏ బస్సూ అంత వేగం పోదు. పళ్లెం పైన ఒక చేయి, దాని కొసన చదివి రాసే మొన ఉంటాయి. ఆ మొనను రాతమొన అందాం.

రాతమొన పళ్లేన్ని తాకదు. పళ్లెంతో పాటు తిరిగే గాలి దాన్ని ఎత్తి పట్టుకుంటుంది. ఎంత ఎత్తున? కొద్ది నానోమీటర్లు. మన తల వెంట్రుక మందం 50 వేల నుంచి లక్ష నానోమీటర్ల దాకా ఉంటుంది. ఆ సందులో పొగరేణువు కూడా పట్టదు. హార్డ్ డిస్కును విప్పి చూడకూడదని చెప్పేది ఇందుకే. నందికొట్కూరు గాలిలోనే కాదు, ఎంత శుభ్రంగా కనబడే గదిలోని గాలిలోనైనా ఆ సందుకు బండరాళ్లనదగిన రేణువులు కోట్ల కొద్దీ ఉంటాయి.

ఎగరడానికి గాలి కావాలి కాబట్టి లోపలి గాలి ఒత్తిడి బయటి ఒత్తిడితో సమానంగా ఉండాలి. డిస్కు వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది, చల్లబడితే కుంచించుకుపోతుంది. ఆ ఊపిరి పోయే దారే మూత మీది రంధ్రం. దాని వెనక దుమ్మును ఆపే జల్లెడ ఉంటుంది. స్టూడియో పేరు, ఫోన్ నంబరు ఉన్న స్టిక్కరును సరిగ్గా దాని మీదే అంటించే అలవాటు కొందరికుంది, దయచేసి మానండి. సముద్రమట్టానికి 3 వేల మీటర్ల పైన చాలా డిస్కులకు కంపెనీలు పూచీ పడవు, అక్కడ గాలి పలచన, మొన తగినంత ఎత్తున నిలవదు. లేహ్ ఊరు దాదాపు 3,500 మీటర్ల ఎత్తున, అంటే ఆ హద్దు పైనే ఉంది. 2013 నుంచి హీలియం నింపి పూర్తిగా మూసేసిన పెద్ద డిస్కులు కూడా వస్తున్నాయి, వాటికి ఈ రంధ్రం ఉండదు.

ఇప్పుడు రాత సంగతి. నందికొట్కూరు అని తెలుగులో టైపు చేసి దాచారనుకోండి. యూనికోడ్ లెక్కలో ఈ పేరుకు పన్నెండు గుర్తులు: ఆరు హల్లులు, ఒక సున్నా, ఒక పొల్లు, నాలుగు గుణింతపు గుర్తులు. దాచేటప్పుడు ఒక్కొక్క తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. మొత్తం 36 బైట్లు, అంటే 288 బిట్లు. పళ్లెం మీద కనీసం 288 చుక్కలు కావాలి, తప్పులు పట్టుకోవడానికి పక్కన రాసే గుర్తులు కాక. ప్రతి చుక్కలోనూ అయస్కాంతం పైకి చూస్తుంటుంది, లేదా కిందికి చూస్తుంటుంది. అంతకు మించి అక్కడ ఇంకేమీ లేదు. నేటి డిస్కులో ఒక్కో చుక్క పొడవు పదిహేను నానోమీటర్లకు అటూఇటూ. ఊరి పేరంతా పక్కపక్కన పేర్చినా వెంట్రుక మందంలో పదో వంతు రాదు.

1956లో ఐబీఎం కంపెనీ కాలిఫోర్నియాలో మొదటి హార్డ్ డిస్కును బయటపెట్టినప్పుడు దానికి రెండడుగుల వెడల్పున్న పళ్లేలు యాభై ఉండేవి. బరువు టన్ను దాకా. పట్టేది 50 లక్షల అక్షరాలు. ఈనాటి సెల్‌ఫోన్ ఫోటో ఒకటి రెండు దానికి సరిపోతాయి. చదరపు అంగుళంలో అప్పుడు 2 వేల బిట్లు పట్టేవి, ఇప్పుడు లక్ష కోట్లు పడుతున్నాయి.

చుక్కలు ఇంత చిన్నవయ్యే కొద్దీ వాటి అయస్కాంతబలం కూడా సన్నగిల్లుతుంది. రాయడం కంటే చదవడం కష్టమైంది. దారి చూపినవాళ్లు ఇద్దరు: ఫ్రాన్సులో ఆల్బెర్ ఫెర్, జర్మనీలో పీటర్ గ్రూన్‌బెర్గ్. 1988లో ఇద్దరూ వేర్వేరుగా ఒకే సంగతి కనిపెట్టారు. కొన్ని పరమాణువుల మందం మాత్రమే ఉన్న లోహపు పొరలను ఒకదాని మీద ఒకటి పేరిస్తే, పక్కన ఎంత బలహీనమైన అయస్కాంతం ఉన్నా వాటిగుండా పోయే కరెంటు బాగా మారిపోతుంది. తొమ్మిదేళ్లలో, 1997లో, ఐబీఎం ఆ పొరలతో చదివే డిస్కును అమ్మకానికి తెచ్చింది. 2007లో ఇద్దరికీ భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. పెళ్లి వీడియోలు వందల గిగాబైట్లలో దాచుకోగలుగుతున్నామంటే ఆ పరిశోధనకు అందులో పెద్ద వాటా ఉంది. ఒక ప్రయోగశాలలో పుట్టిన భౌతికశాస్త్రం పదేళ్లు తిరక్కుండా సామాన్యుల బల్ల కిందికి చేరడం ఎన్నిసార్లు తలచుకున్నా నాకు అబ్బురంగానే ఉంటుంది.

స్క్రూలు, తీగలు

డెస్క్‌టాప్‌లో పెట్టే మూడున్నర అంగుళాల డిస్కుకు పక్కల రంధ్రాలుంటాయి. దీనికి పట్టేవి ముతక మర ఉన్న స్క్రూలు. సీడీ డ్రైవుకు, రెండున్నర అంగుళాల ఎస్ఎస్‌డీకి పట్టేవి సన్నమర స్క్రూలు. రెండూ ఒకే డబ్బాలో కలిసిపోయి ఉంటాయి. చేత్తో రెండు చుట్లు సులువుగా తిరగకపోతే అది ఆ రంధ్రానిది కాదు, బలవంతం చేయకండి. అడ్డంగా పెట్టినా నిలువుగా పెట్టినా డిస్కుకు ఒకటే.

నాలుగు స్క్రూలూ ఎందుకు? రెండింటితో సరిపెట్టి, ఇంకా చెప్పాలంటే ఏ స్క్రూ లేకుండా డబ్బా అడుగున పడేసి నడిపేవాళ్లున్నారు. పళ్లెం మీద వలయాలు ఎంత దగ్గరగా ఉంటాయంటే, వెంట్రుక మందంలో వెయ్యి దాకా పడతాయి. మొన ఒక వలయం మీద నిలవాలంటే డిస్కు అదరకూడదు. అదిరితే మొన పక్క వలయం మీదికి జారుతుంది, మళ్లీ వెనక్కి వచ్చి ఇంకొక చుట్టు కోసం కాచుకోవాలి. 2008లో బ్రెండన్ గ్రెగ్ అనే ఇంజనీరు నడుస్తున్న డిస్కుల వరస ముందు నిలబడి గట్టిగా అరిచి చూపించాడు. అరిచినప్పుడల్లా డిస్కులు జవాబివ్వడానికి పట్టే సమయం అమాంతం పెరిగిపోవడం తెర మీద గీతల్లో కనబడింది. 2016 సెప్టెంబరులో రుమేనియా రాజధాని బుకారెస్టులో ఒక బ్యాంకు వాళ్లు అగ్నిమాపక ఏర్పాట్లను పరీక్షించారు. వాయువు చిమ్మినప్పుడు పుట్టిన చప్పుడుకే డిస్కులు దెబ్బతిని బ్యాంకు సేవలు గంటల తరబడి ఆగిపోయాయి. చప్పుడుకే ఇంత అయితే, బల్ల కింద కాలు తగిలే చోట వదులుగా ఆడే డిస్కు ఎంత ఇబ్బంది పడుతుందో ఊహించండి. నడుస్తున్న సిస్టంను పక్కకు జరపడం కూడా మంచిది కాదు. ఆగి ఉన్నప్పుడు డిస్కు తట్టుకునే దెబ్బలో నాలుగో వంతుకే నడుస్తున్నప్పుడు పాడవవచ్చు.

ఇక తీగలు రెండు. వెడల్పాటిది ఎస్ఎంపీఎస్ నుంచి కరెంటు తెస్తుంది: మోటారుకు 12 వోల్టులు, బోర్డుకు 5 వోల్టులు. సన్నది మదర్ బోర్డుకు పోయే సాటా కేబుల్. రెండింటి మూతులూ ఒక కొసన వంకర తిరిగి ఉంటాయి, తిరగేసి పెట్టడం కుదరదు. పాత సిస్టంలలో అరచేయంత వెడల్పు పట్టీ ఉండేది, నలభై పిన్నులది. అది ఒకేసారి పదహారు బిట్లను పక్కపక్క తీగల్లో పంపేది. వేగం పెంచేకొద్దీ పదహారూ ఒకే క్షణంలో చేరడం కష్టమైంది, పక్క తీగల కరెంటు కూడా ఒకదానిలోకి ఒకటి చొరబడేది. సాటాలో ఏడే పిన్నులు. పంపడానికి ఒక జత, అందుకోవడానికి ఒక జత, మిగతా మూడు ఎర్తు. జతలో ఒక తీగ సంకేతాన్ని, రెండోది దాని తిరగేతను మోస్తాయి. బయటి నుంచి రొద వస్తే రెండు తీగల్లోనూ సమానంగానే వస్తుంది. అవతల రెండింటి తేడా మాత్రమే చూస్తారు కాబట్టి రొద కొట్టుకుపోతుంది. బిట్లు ఒకదాని వెనక ఒకటి పోయినా, సెకనుకు 600 కోట్ల దాకా పోతాయి.

కేబుల్ గట్టిగా దిగిందో లేదో చూసుకోండి. డిస్కు కనబడకపోవడానికి నిజంగా ఇనుములో ఉన్న కారణం ఏదైనా ఉంటే, అది తొంభై పాళ్లు వదులు కేబులే అని నా నమ్మకం.

కరెంటు పోతే

ఇది మన ఊళ్లకు తప్పనిసరి ప్రశ్న. పళ్లెం సెకనుకు 120 సార్లు తిరుగుతోంది, మొన కొద్ది నానోమీటర్ల ఎత్తున ఉంది, ఉన్నట్టుండి కరెంటు పోయింది. పళ్లెం నెమ్మదిస్తే మొనను మోసే గాలి తగ్గి అది పూత మీద పడాలి కదా. పడదు. ఇంజనీర్ల నేర్పు ఇక్కడ చూడాలి. మోటారుకు కరెంటు ఇస్తే తిరుగుతుంది, తిప్పితే అదే మోటారు కరెంటు పుట్టిస్తుంది. కరెంటు పోయిన క్షణంలో పళ్లేలు ఇంకా ఆ ఊపులోనే తిరుగుతుంటాయి. డిస్కు తన మోటారును జనరేటరుగా మార్చుకుని, ఆ కొసరు కరెంటుతో చేతిని పళ్లెం అంచు దాటించి ఒక మెట్టు మీదికి ఎక్కించేస్తుంది. ఆ తర్వాతే పళ్లేలు ఆగుతాయి. కరెంటు పోయినప్పుడు డబ్బాలోంచి టక్కుమని వినబడేది ఆ చేయి మెట్టెక్కే చప్పుడే.

మొన బతికినా రాత బతకకపోవచ్చు. రాయమని మీరు పంపిన దాన్ని విండోస్ కాసేపు మెమరీలో, డిస్కు కాసేపు తన చిప్పులో అట్టిపెట్టుకుంటాయి. కరెంటు పోతే ఆ కాసేపటిది పోతుంది. వీడియో ఎడిటింగు చేసేవాళ్లకు యూపీఎస్ లేకుండా గడవనిది ఇందుకే. మొదలయ్యేటప్పుడు పళ్లేలను కదిలించడానికి డిస్కు 12 వోల్టుల తీగ మీద రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది, నడక కుదిరాక ఏడెనిమిది వాట్లతో సరిపెట్టుకుంటుంది. చవక ఎస్ఎంపీఎస్ మీద మూడు నాలుగు డిస్కులు వేస్తే సిస్టం ఆన్ కావడానికే మొరాయించేది ఆ మొదటి కొన్ని సెకన్లలోనే.

కొలతలు వేయని పొలం

మూత వేశారు, ఆన్ చేశారు. ఇప్పుడు విండోస్ కంటే ముందు వచ్చే బయాస్ తెరలోకి పోతే అక్కడ డిస్కు పేరు, సైజు కనబడతాయి. అంటే ఇనుము, కరెంటు, సంకేతాలు మూడూ కుదిరాయి. అయినా విండోస్‌లో లేదు.

బంజరు చేను ఒకటి ఊహించండి. నేల ఉంది, నడిచి చూడవచ్చు. కానీ సర్వే కాలేదు, నెంబరు లేదు, గట్లు లేవు, అడంగల్‌లో ఎక్కలేదు. ఆ నేల మీద ఎవరి పేరా అని ఆఫీసులో అడిగితే, ఏ సర్వే నెంబరు అని తిరిగి అడుగుతారు. కొత్త డిస్కు అలాంటి నేల. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ కొట్టి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే నల్లటి పట్టీతో ఉండేది ఆ నేలే.

మొదటి పని ఇనీషియలైజ్ చేయడం, అంటే సర్వే పుస్తకం తెరవడం. ఎంబీఆర్ కావాలా, జీపీటీ కావాలా అని విండోస్ అడుగుతుంది. ఎంబీఆర్ పాత పద్ధతి. అందులో గడి (డిస్కు నేలలో అతి చిన్న ముక్క) నెంబరు రాయడానికి 32 బిట్ల చోటే ఉంటుంది. 429 కోట్ల గడులు, ఒక్కోటి 512 బైట్లు, మొత్తం 2.2 టెరాబైట్లు. అంతకు పెద్ద డిస్కు కొన్నా మిగతా నేలకు నెంబరు వేయడానికి పుస్తకంలో అంకెలు చాలవు. జీపీటీకి ఆ ఇబ్బంది లేదు, పైగా పుస్తకం రెండో ప్రతిని డిస్కు చివరన కూడా ఉంచుతుంది. మరీ పాత సిస్టం కాకపోతే జీపీటీయే ఎంచుకోండి.

రెండోది గట్లు వేయడం, అదే పార్టిషన్. మూడోది ఫార్మాట్, అంటే అడంగల్ రాసుకోవడానికి గళ్లు గీయడం: ఏ ఫైలు ఏ గడుల్లో ఉందో రాసే పట్టిక ఇక్కడే పుడుతుంది. చివరగా ఒక డ్రైవు అక్షరం. ఇది ఊరికే పిలుపు. 2022 ఏప్రిల్‌లో నందికొట్కూరు కర్నూలు జిల్లాలోంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది, ఒక్క చేను గట్టూ కదల్లేదు. ఇ డ్రైవును ఎఫ్‌గా మార్చినా లోపలి ఫైలు ఒక్కటీ జరగదు. పాత అక్షరంతో వెతికే ఎడిటింగు ప్రోగ్రాములు మాత్రం వీడియో దొరకలేదని గోల చేస్తాయి.

ఫార్మాట్‌లో త్వరగా ముగించే పద్ధతి ఒకటుంది, పూర్తి పద్ధతి ఒకటుంది. మొదటిది పట్టిక మాత్రం రాసి ముగిస్తుంది. రెండోది డిస్కు నేలంతా సున్నాలు రాసుకుంటూ పోతుంది, ఒక టెరాబైటుకు రెండు గంటలు పట్టవచ్చు. కొత్త డిస్కుకు ఆ రెండు గంటలూ ఇవ్వండి. పుట్టుకతో లోపమున్న డిస్కయితే మీ సరుకు ఎక్కకముందే, వారంటీ కాగితం ఇంకా చేతిలో ఉండగానే బయటపడుతుంది.

ఒక టెరాబైటని కొంటే 931 గిగాబైట్లే చూపిస్తోందని నిలదీసేవాళ్లు చాలామంది. ఇందులో మోసం లేదు. అమ్మేవాళ్ల లెక్కలో టెరాబైటంటే లక్ష కోట్ల బైట్లు. విండోస్ లెక్కలో గిగాబైటంటే వంద కోట్లు కాదు, 1024ను మూడుసార్లు హెచ్చవేస్తే వచ్చే 107 కోట్ల చిల్లర. లక్ష కోట్లను దాంతో భాగిస్తే 931. నేల అంతే ఉంది, కొలిచే గొలుసు పొడవే తేడా.

పొలంతో ఇంకొక పోలిక ఉంది, అది అన్నిటికంటే ముఖ్యం. ఫైలును డిలీట్ చేయడమంటే పుస్తకంలో పేరు కొట్టేయడమే, చేలో పైరు అలాగే ఉంటుంది. ఆ నేలలో ఇంకొకరు విత్తనం వేసేదాకా పాతది తిరిగి తెచ్చుకోవచ్చు. పొరపాటున పెళ్లి ఫోల్డరు పోగొట్టుకున్నవాళ్లకు ఇది వరం. ఆ క్షణమే ఆ డిస్కు మీద ఏదీ రాయకుండా ఆపేస్తే చాలావరకు దక్కుతుంది. కానీ జిరాక్సు అంగళ్లలో, ఆన్‌లైన్ కేంద్రాల్లో పాత డిస్కులు ఉంటాయి. వాటిలో ఎందరి ఆధార్ కార్డులో, పాసుపుస్తకాలో, బ్యాంకు కాగితాలో స్కాన్ అయి ఉంటాయి. వాటిని డిలీట్ కొట్టి పాత సామాన్లవాడికి తూకానికి వేయడం జనం నమ్మకాన్ని తూకానికి వేయడమే. పూర్తి ఫార్మాట్ ఒకసారి చేయండి. అది కూడా చేయలేనంతగా చెడిపోయిన డిస్కయితే పళ్లేలను విరగ్గొట్టి పారేయండి. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 'కార్డ్' పేరుతో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు కంప్యూటర్లు తెచ్చినప్పటి నుంచి మన భూములూ పేర్లూ డిస్కుల్లోకి చేరుతూనే ఉన్నాయి. డిస్కు దగ్గర ఇంత జాగ్రత్త అవసరమే.

ఇంకొక హెచ్చరిక. కొత్త డిస్కుకు బదులు సరుకున్న పాత డిస్కును బిగించినప్పుడు కూడా విండోస్ ఇనీషియలైజ్ చేయమంటావా అని అడిగిందంటే సరే అనకండి. పుస్తకంలో మొదటి పేజీ చిరిగింది, నేల ఖాళీ కాదు. సరే అంటే ఆ పేజీ మీద కొత్తది రాసేస్తుంది.

ఎండ, వయసు, వరద

మన ఎండలకు డిస్కు పోతుందా? 2007లో గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను గమనించి ఒక పత్రం వెలువరించారు. అందరూ అనుకున్నంతగా వేడికీ డిస్కు చావుకూ సంబంధం లేదని అందులో తేలింది. వేడి బాగా పెరిగినప్పుడు, అదీ మూడేళ్లు పైబడ్డ డిస్కుల్లో, ప్రభావం కనబడింది. ఇది మనకు ఊరటే గానీ, ఆ డిస్కులున్నవి చల్లటి గదుల్లో. నందికొట్కూరులో మే నెల మధ్యాహ్నం గదిలోనే 40 డిగ్రీలుంటే డబ్బా లోపల డిస్కు 50 దాటుతుంది. కంపెనీలు పెట్టే హద్దు సాధారణంగా 60. రెండు డిస్కులుంటే నడుమ ఒక అర ఖాళీ వదలండి, ముందువైపు ఫ్యానుకు ఎదురుగా బిగించండి. ఎండాకాలానికి ఆ మాత్రం గాలి చాలు.

ఆ పత్రంలో ఇంకా రెండు సంగతులున్నాయి. డిస్కు తన పళ్లేలను తానే తనిఖీ చేసుకునే స్కాన్‌లో మొదటి తప్పు బయటపడ్డ డిస్కు, తప్పులు లేని డిస్కుతో పోలిస్తే, అరవై రోజుల్లోపు పోయే అవకాశం 39 రెట్లు ఎక్కువ. రెండోది దీనికంటే గుబులు పుట్టించేది. పోయిన డిస్కుల్లో సగానికి పైగా ఇలాంటి ముఖ్యమైన హెచ్చరికల్లో ఏ ఒక్కటీ చూపకుండానే పోయాయి. కాబట్టి హెచ్చరిక కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం దండగ. కొత్త డిస్కు బిగించాక పాత డిస్కులోని పెళ్లిళ్లను అందులోకి కాపీ చేసి పాతదాన్ని ఖాళీ చేసేస్తే, మీ దగ్గర మళ్లీ ఒకే కాపీ మిగులుతుంది. పాతదాన్ని అలాగే ఉంచండి, డబ్బాలోంచి తీసి, వెండిరంగు సంచిలో చుట్టి, వేరే ఇంట్లో.

వేరే ఇంట్లో అనడానికి కారణముంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం మునిగింది. ఇలాంటి వరదలో పక్కపక్కన పెట్టిన రెండు డిస్కులూ కలిసే మునుగుతాయి. మూత మీది రంధ్రంలోంచి నీళ్లు లోపలికి పోతాయి, నీళ్లతో పాటు బురద. అలా తడిసిన డిస్కును ఎండలో పెట్టకండి, కరెంటు అసలే ఇవ్వకండి. బురద ఆరితే పళ్లేనికి గట్టిగా అంటుకుపోతుంది, తిప్పితే మొన పూతను గీకేస్తుంది. తడిని తడిగానే ప్లాస్టిక్ సంచిలో మూసి, డిస్కులు విప్పి డేటా తీసే ప్రయోగశాలకు పంపండి.